కాల్షియం 14 దాటినప్పుడు

స్మారకోపన్యాసానికి ఇంత అరుదైన జబ్బును ఎంచుకోవడమేమిటని సభలో ఎవరికైనా అనిపిస్తే తప్పులేదు. ప్రైమరీ హైపర్‌పారాథైరాయిడిజం అనే మాటే చాలామంది విని ఉండరు. అది ఉన్నవాళ్లలో పారాథైరాయిడ్ క్యాన్సర్ తేలేది సాధారణంగా నూటికి ఒకరికన్నా తక్కువ మందికే. కానీ ఆ ఒక్కరూ దొరకాలంటే మిగతా తొంభైతొమ్మిది మందీ ముందు డాక్టర్ల కంటపడాలి. మన దగ్గర తంటా అంతా అక్కడే.

థైరాయిడ్ వెనక అంటిపెట్టుకుని మామూలుగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి. ఒక్కోటి బియ్యపు గింజంత. బరువు 30 నుంచి 50 మిల్లీగ్రాములు. వీటిని మొదట చూసింది మనిషిలో కాదు, మన దేశపు ఖడ్గమృగంలో. లండన్ జంతు ప్రదర్శనశాలలో అది 1849లో చనిపోతే శరీర నిర్మాణ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ కోసి పరిశీలించాడు. మనిషిలో వీటి సంగతి 1880లో ఉప్సాలా నుంచి ఇవార్ సాండ్‌స్ట్రోమ్ రాశాడు. వీటి హార్మోన్, అంటే పీటీహెచ్, ఎముకల నుంచి కాల్షియాన్ని రక్తంలోకి లాగుతుంది, మూత్రంలో పోకుండా ఆపుతుంది. గ్రంథి తనంతట తానే అతిగా పనిచేసి అది హద్దు మీరడమే ప్రైమరీ హైపర్‌పారాథైరాయిడిజం. అప్పుడు ఎముకలు గుల్లబారతాయి, కిడ్నీల్లో రాళ్లు చేరతాయి.

ఈ లెక్క మొదట తలకిందులుగా అర్థమైంది. వియన్నాలో ఒక ట్రామ్ కండక్టర్ ఎముకలు పెళుసుబారి మంచాన పడ్డాడు. గ్రంథి పెరగడం ఎముకల జబ్బుకు శరీరం చేసుకునే సర్దుబాటని అప్పటి సిద్ధాంతం. అందుకే సర్జన్ ఫెలిక్స్ మాండ్ల్ ముందు అతనికి మరో గ్రంథిని అమర్చి చూశాడు. గుణం కనిపించలేదు. 1925లో మెడ తెరిచి, పెరిగిన గ్రంథినే తీసేశాడు. రోగి లేచి నడిచాడు. కొన్నేళ్లకు జబ్బు తిరగబెట్టింది, రెండో ఆపరేషన్ ఫలించలేదు. తిరగబెట్టిన తీరు చూసి, అది క్యాన్సరే అయి ఉంటుందా అని తర్వాతి తరం వైద్యుల్లో కొందరు సందేహించారు.

క్యాన్సర్ అని అనుమానించడానికి పుస్తకాలు చెప్పే లక్షణాలు ఇవి. రక్తంలో కాల్షియం డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాల్సింది 14 దాటడం. పీటీహెచ్ మామూలు గరిష్ఠానికి ఎన్నో రెట్లు ఉండడం. మెడలో గడ్డ చేతికి తగలడం, గొంతు బొంగురుపోవడం. ఎముకలూ కిడ్నీలూ ఒకేసారి దెబ్బతినడం. మామూలు గడ్డ, అంటే అడినోమా, ఆడవాళ్లలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. క్యాన్సర్ ఆడామగా తేడా లేకుండా వస్తుంది, వయసులోనూ దాదాపు పదేళ్లు ముందే. సర్జన్లు గుర్తుంచుకునే సూత్రం ఇంకోటుంది: కాల్షియం లీటరుకు 3 మిల్లీమోల్స్, అంటే డెసిలీటరుకు సుమారు 12 మిల్లీగ్రాములు, దాటి, గడ్డ 3 సెంటీమీటర్లు మించితే జాగ్రత్త.

ఈ కొలతలు పుట్టిన దేశాల్లో 1970ల నుంచి ఆటోమేటిక్ యంత్రాలు ప్రతి రక్తపరీక్షతోపాటు కాల్షియం కూడా చూపించాయి. దాంతో అక్కడ అడినోమా ఏ బాధా లేకుండానే బయటపడుతోంది. తీవ్రంగా కనిపించేది ఏదైనా ప్రత్యేకంగా నిలుస్తుంది. ఇక్కడ అలా కాదు. షుగరు, క్రియాటినిన్ రాసినంత తరచుగా కాల్షియం రాయరు. విటమిన్ డి లోపం ఎముకల నష్టాన్ని ఇంకా పెంచుతుంది, కాల్షియాన్ని కొంత దాచిపెడుతుంది కూడా. ఎముక విరిగాకనో, రాయి మూడోసారి వచ్చాకనో అడినోమా దొరికే సరికి అది పెద్దదై ఉంటుంది. అంటే పాశ్చాత్య పుస్తకం క్యాన్సర్‌కు గుర్తులని చెప్పేవాటిలో సగం మన దగ్గర మామూలు గడ్డకీ ఉంటాయి. పుస్తకాన్ని యథాతథంగా నమ్మితే అందరినీ అనుమానించాలి. పక్కన పెడితే అసలు రోగి జారిపోతాడు.

ఇంతకీ రోగులు మొదట ఎవరి దగ్గరికి వెళ్తారు? చాలాసార్లు ఎముకల డాక్టరు దగ్గరికి, ఒక్కోసారి దంతవైద్యుడి దగ్గరికి. దవడ ఎముక ఉబ్బుతుంది, ముక్క తీసి పరీక్షకు పంపితే పెద్దపెద్ద జెయింట్ సెల్స్ కనిపిస్తాయి. పీటీహెచ్ తినేసిన ఎముకలో ఏర్పడే బ్రౌన్ ట్యూమర్‌లోనూ అవే ఉంటాయి, ఎముకలోనే పుట్టే జెయింట్ సెల్ ట్యూమర్‌లోనూ అవే. స్లయిడ్ చూసి రెంటినీ విడదీయడం కష్టం. ఎక్స్‌రేలో అక్కడక్కడా గుంటలు కనిపిస్తే ఎక్కడినుంచో పాకిన క్యాన్సర్ అనో, మైలోమా అనో వెతుకులాట మొదలవుతుంది. ఆ దశలో ఒక్క కాల్షియం పరీక్ష దారి మారుస్తుంది. నల్లగొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఒళ్లునొప్పులంటే నేరం నీళ్ల మీదికి పోవడం సహజమే. అయితే ఫ్లోరోసిస్‌లో రక్తపు కాల్షియం సాధారణంగా పెరగదు. అన్నిటికన్నా బాధ కలిగించేది, పరీక్ష లేకుండానే నొప్పులకు రాసే కాల్షియం బిళ్లలూ విటమిన్ డి ఇంజెక్షన్లూ. విపరీతమైన దాహం, మలబద్ధకం, మతిమరుపు ఉన్న రోగికి అవి నిప్పులో నెయ్యి.

కాల్షియం, పీటీహెచ్ రెండూ ఎక్కువని తేలాక అల్ట్రాసౌండ్, సెస్టమీబీ స్కాన్ గడ్డ ఎక్కడుందో చెబుతాయి, ఏమిటో కచ్చితంగా చెప్పవు. థైరాయిడ్ గడ్డలకు అలవాటుపడ్డ చెయ్యి ఇక్కడ సూది పెట్టకూడదు: సూదిలో వచ్చిన కణాలు అడినోమానో క్యాన్సరో తేల్చలేవు, పైగా క్యాన్సర్ అయితే సూది దారి వెంట కణాలు చల్లినట్టవుతుంది. అందుకే అనుమానం ఆపరేషన్ టేబుల్ దాకా మిగిలే ఉంటుంది. అడినోమా మెత్తగా, ఎరుపు గోధుమ రంగులో సులువుగా విడివడి వస్తుంది. బూడిద తెలుపు రంగులో గట్టిగా ఉండి థైరాయిడ్‌నో కండరాన్నో పట్టుకుని ఉంటే సర్జన్ విడదీయడానికి ప్రయత్నించకూడదు. ఆ వైపు థైరాయిడ్ భాగంతో కలిపి, పొర చిట్లకుండా మొత్తంగా తీయాలి. మొదటి ఆపరేషన్ ఇచ్చే అవకాశం రెండోది ఇవ్వదు. అప్పటికప్పుడు చేసే ఫ్రోజెన్ సెక్షన్ మీదా ఆధారపడలేం.

పెథాలజిస్టుకూ ఇది తేలిక తీర్పు కాదు. 1973లో షాంట్జ్, కాసిల్‌మన్ 70 కేసులు పరిశీలించి దళసరి పీచుకట్లు, విభజనలో ఉన్న కణాలు లాంటి గుర్తులు చెప్పారు. తర్వాత అవి మామూలు గడ్డల్లోనూ కనిపించాయి. ఇప్పుడు అడిగేది చొరబాటు: రక్తనాళంలోకో, నరం చుట్టూనో, పక్క కణజాలంలోకో పాకిందా, లేక దూరంగా వ్యాపించిందా? అవేవీ లేకుండా అనుమానపు ఛాయలు మాత్రమే ఉంటే 2022 డబ్ల్యూహెచ్ఓ వర్గీకరణలో దాని పేరు ఎటిపికల్ పారాథైరాయిడ్ ట్యూమర్.

2002లో కనిపెట్టిన సీడీసీ73 జన్యువు కొంత సాయం చేస్తుంది. అది తయారుచేసే పారాఫైబ్రోమిన్ అనే ప్రొటీన్ గడ్డ కణాల్లో లేకపోతే అనుమానం బలపడుతుంది. ఏ కుటుంబ చరిత్రా లేని రోగుల్లోనూ కొందరికి ఆ లోపం పుట్టుకతోనే ఉంటుంది. అప్పుడు తోబుట్టువులకూ పిల్లలకూ పరీక్ష చేయాలి.

సుమారు సగం మందిలో ఈ క్యాన్సర్ తిరగబెడుతుంది, కొందరిలో ఎన్నో ఏళ్ల తర్వాత. ప్రాణం తీసేది చాలావరకు గడ్డ బరువు కాదు, అదుపు తప్పిన కాల్షియం. దాన్ని దించడానికి 2004లో అమెరికాలో అనుమతి పొందిన సినాకాల్సెట్, ఎముకల నుంచి కాల్షియం రాకుండా అడ్డుకునే జోలెడ్రోనేట్, డెనోసుమాబ్ ఉన్నాయి. ఆపరేషన్ అయిన రోగి కాల్షియం, పీటీహెచ్ పరీక్షలు బతికున్నంత కాలం చేయించుకుంటూ ఉండాలి. డిశ్చార్జి కాగితం మీద ఆ మాట రోగి చదవగలిగే తెలుగులో ఉండాలి.