ఆజ్ఞయా? న్యాయమా?
(అలంపుర సభలో చేసిన ప్రసంగ పాఠము)



ధర్మమును ధర్మముగా చేయునది ఆజ్ఞాపించువాని ఇచ్ఛయా, లేక బుద్ధికి గోచరించు న్యాయమా? ఇది పండితుల వినోదము మాత్రము కాదు. తుంగభద్రాతీరమున గల ఈ అలంపురము 1948 వఱకు నిజాము ఏలుబడిలో నుండెను. ఆ రాజ్యమున ప్రభువుగారి ఫర్మానాయే శాసనము. కావున మన పెద్దల కీ ప్రశ్న అనుభవములోని మాట.

పశ్చిమదేశములలో 13వ శతాబ్దమున థామస్ అక్వినాస్, శాసనమనగా లోకహితమునకై బుద్ధి ఏర్పఱచిన విధి యని నిర్వచించెను. తరువాతి శతాబ్దమున విలియం ఓకమ్ దైవేచ్ఛకు ప్రాధాన్య మొసగెను. 1625లో హాలెండు దేశీయుడగు హ్యూగో గ్రోషియస్, దైవము లేదనుకొన్నను సహజన్యాయము నిలుచునని వ్రాసెను. మన మీమాంసకులు అంతకు చాల పూర్వమే, వేద మపౌరుషేయమనియు, ధర్మము ఏ పురుషుని ఇచ్ఛవలనను పుట్టలేదనియు వాదించిరి. అయినను వారికి ప్రమాణము వేదవిధియే కాని స్వతంత్రబుద్ధి కాదు. ఈ భేదమును మఱువరాదు.

ఈ వాదములను వెట్టిచాకిరిపై పరీక్షింతము. నాడు అధికారి ఊరికి వచ్చెనన్న పేదవాడు కూలి లేక మూట మోయవలెను, కట్టెలు కొట్టవలెను. అధికారి ఇచ్ఛయే ధర్మమైనచో దీనిని అన్యాయమనుటకు మనకు నోరుండదు. కాని మోసినవాని భుజమునకు తెలిసినది ఆలోచించు ప్రతివాని బుద్ధికిని తెలియును: ఒకని కష్టమును ఊరక హరించుట దొంగతనమే. ఆంధ్రజనసంఘము వెట్టిపై పోరాడుటకును, ఈ సీమవారగు సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించి నిర్భయముగ వ్రాయుటకును ఇట్టి బుద్ధియే ఆధారము.

అయితే బుద్ధి యొక్కటియే చాలునా? వెట్టిని నిషేధించు సర్కారు ఉత్తర్వులు నాడును ఉండెను, వెట్టియు నుండెను. కఠోపనిషత్తు బుద్ధిని సారథితో పోల్చినది. సారథి త్రోవ చూడనిచో గుఱ్ఱములు గోతిలో పడును. గుఱ్ఱములు కదలనిచో సారథి యెంత చూచినను రథము సాగదు. సంకల్పము బుద్ధికి యజమాని కారాదు, సేవకుడు కావలెను; కాని నిద్రించు సేవకుడు కారాదు.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. 1976లో ప్రత్యేక చట్టమును వచ్చినది. ఇవి వెట్టిని అధర్మముగా చేయలేదు, అధర్మమని గుర్తించినవి. ఆ పిమ్మటను మన పాలమూరు కూలీలు మేస్త్రీ ముందిచ్చిన పైకమునకు బద్ధులై దూరదేశములలో ఆనకట్టలు కట్టిరి. కాగితముపై నున్న న్యాయమును ఊరిలోనికి తెచ్చువారు ఎవరు? అది మన సంకల్పముయొక్క పని. ఈ సభనుండి ఆ సంకల్పముతో లేచి పోవుదము.