ఏదుపంది కాపురము

మా యింట పాత చేతిపెట్టెలో ఏదుముల్లు ఒకటి ఉండెడిది. బంధువుల యిండ్లలో సీమంతము జరిగినపుడెల్ల దానిని అడిగి తీసికొనిపోయెడివారు. మూడు తెల్లని మచ్చలుగల ఏదుముల్లుతో భర్త భార్యకు పాపట తీయవలెనని ఆపస్తంబ గృహ్యసూత్రము. ఇన్ని జంతువులుండగా ఈ శుభకార్యమునకు ఏదుపంది ముల్లే యేల యని చిన్ననాడు మా తాతగారిని అడిగితిని. ఆయన నవ్వి ఊరకుండెను. సూత్రకారుని మనసు నేనెరుగను గాని, ఆ జంతువు కాపురమును గూర్చి చదివిన పిదప ఆ ముల్లు చేరవలసిన చోటికే చేరినదని నాకు తోచినది.

పేరునకు పందియే గాని ఇది ఎలుకకును ఉడుతకును చుట్టము. దీని ముందరిపండ్లు బ్రతికినంత కాలము పెరుగుచునే యుండును. వానిని అరుగదీయుటకు ఎముకలను సైతము కొరుకును. జనగామ రాతిగుట్టలలోను, మహబూబాబాదు వైపు పాకాల అడవులలోను, భూపాలపల్లి నుండి గోదావరి పొడుగున సాగిన అరణ్యములలోను దీనికి అనువైన తావులు కలవు. పగలు కలుగులో పరుండి రాత్రి మేతకు వెడలును. ముళ్ళను బాణములవలె విసరునని మనవారి నమ్మకము; అది కల్ల. తోకయందలి బోలుముళ్ళను గలగలలాడించి బెదరించును; అప్పటికిని శత్రువు తొలగనిచో వెనుకకు తిరిగి మీదికి దూకి గ్రుచ్చును.

ఒంటినిండ ముళ్ళున్నవారికి కాపురమెట్లని శ్రోతలు నవ్వవచ్చును. క్షీరదములలో జంటకట్టి జీవించు జాతులు నూటికి పదియైన లేవు. అట్టి కొలదివారిలో ఏదుపంది యొకటి. ఆలుమగలు పిల్లలతో ఒకే కలుగున ఉందురు. ఈ జాతినే ఇజ్రాయెల్ దేశమున పరిశీలించిన సేవర్, మెండెల్‌సోన్ అను శాస్త్రజ్ఞులు 1988లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఈ జంట గర్భధారణకాలముతో నిమిత్తము లేకయే కలియుచుండుననియు, ఆ కలయికయే జంటను నిలుపు సాధనము కావచ్చుననియు వారి యూహ. అనగా అనుబంధము ఒకనాడు ముడివేసి మరచునది కాదు. మరల మరల బిగించుకొనవలసినది.

ఈ ముడి శరీరమున ఎచ్చట నున్నది? దీనికి సమాధానము వెదకినది అమెరికాలోని ప్రేరీ మైదానములందు వసించు వోల్ అను చిట్టెలుకయొద్ద. ఇల్లినాయ్‌లో లోవెల్ గెట్జ్ అను ఆచార్యుడు బోనులు పెట్టగా, అదే మగ, అదే ఆడ మాటిమాటికి ఒక్క బోనులోనే చిక్కుచుండెను. పిమ్మట ప్రయోగశాలలో ఒక ప్రక్క గదిలో జతగానిని, వేరొక ప్రక్క గదిలో అపరిచితుని కట్టి, నడుమ ఎలుకను వదలిరి. అది గంటల తరబడి తన జతగాని ప్రక్కనే ఒదిగి కూర్చుండెను. దాని దాయాదియైన పచ్చికబయళ్ళ వోల్‌కు ఈ పట్టింపు లేదు. ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్ అను రసములును, డోపమిన్ అను మరియొకటియు మెదడులో పనిచేయుటయే ఈ అనుబంధమునకు ఆధారమని తేల్చిరి. 2004లో వాసోప్రెసిన్‌ను గ్రహించు జన్యువును ఆ దాయాది మగఎలుక మెదడులో చొప్పింపగా, ఏకాకియైన అదియు జతను కోరజొచ్చెను!

అంతటితో రహస్యము తెలిసినదని సంతసించినవారు పలువురు. కాని 2023లో ఆక్సిటోసిన్‌ను గ్రహించు శక్తిని పుట్టుకతోనే తొలగించిన ప్రేరీ వోల్‌లు సైతము జంటకట్టినవి, పిల్లలను పెంచినవి. ఈ త్రాడునకు పేటలు పెక్కు కాబోలు. ప్రేమయనగా ఫలానా రసమని పత్రికలలో వ్రాయువారిని అందుకే నేను నమ్మను. జంటకట్టిన వోల్‌లు సైతము అప్పుడప్పుడు దారి తప్పుననియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ సంగతి ఇచ్చట విస్తరింపను.

ఎలుక మెదడున కన్నదెల్ల ఏదుపందికి అంటగట్టుట తగదు. కాని ఒక్క విషయమున ఏదుపంది ఎలుకవంటిది కానేకాదు. ఎలుకను చంపిన నెల తిరుగకమునుపే దాని చోట పది పుట్టును. ఏదుపంది ఈతకు ఒకటి రెండు పిల్లలనే కనుట సామాన్యము.

జనగామ ప్రాంతమున మా బంధువుల వేరుసెనగ చేనికి ఏదులు పడినవి. చాళ్ళు చాళ్ళుగా త్రవ్విపోసినవి. రైతు కడుపుమంట నేను కన్నులార చూచితిని, దానిని తప్పనను. ఒకనాటి రాత్రి గుట్టక్రింది కలుగునకు పొగబెట్టి, వెలువడినదానిని కఱ్ఱలతో కొట్టిరి. అది మగది. 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టము సంగతి అచ్చట ఎవరికిని గుర్తు రాలేదు. తెల్లవారి నేను పోయి చూడగా, కలుగు నోట తడిమట్టిలో క్రొత్త అడుగులు, పెద్దవి కొన్ని, చిన్నవి కొన్ని, లోపలికి పోయి యుండెను.

మరుసటి యేడు మేము చేనిచుట్టు రేకులు భూమిలోనికి మూరెడు లోతున పాతించితిమి. త్రవ్వి రాదలచు జంతువునకు పైకంచె ఎంత యెత్తున్నను లెక్కలేదు. ఖర్చు పొగకంటె ఎక్కువయే అయినది. ఆ యేడు పంట ఇంటికి వచ్చినది. కలుగు నోట మాత్రము సాలెగూడు కట్టియుండెను.