గట్టిమేళం మోగాకే ఫొటో
(సాంకేతిక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

భోజనాల తర్వాత సదస్సు పెట్టారు గనక, కునుకు తీసేవారిని నేనేమీ అనుకోను.

పి.డి.ఎఫ్. చెయ్యడానికి ఉపన్యాసం ఎందుకు, ప్రింట్ నొక్కితే సరిపోదా అంటారేమో. ఒక్కటైతే నొక్కవచ్చు. నెలనెలా నూరుమంది దాతలకు ఎవరి లెక్క వారికి పంపాలంటే ఆ పని కంప్యూటరుకే అప్పగించాలి. మా ఊరి సేవాసంఘంలో నేను చేసింది అదే. మొదటి నెలలోనే ఒక పెద్దాయన ఫోను చేశారు. "ఏమయ్యా, బడి గదులకు 12 వేల డాలర్లు ఖర్చయిందని రాశారు. బొమ్మలో 7 వేలే ఉంది. తక్కినది ఏమైంది?"

నాకు చెమటలు పట్టాయి. లెక్క సరిగానే ఉంది, పట్టికా సరిగానే ఉంది. స్తంభం మాత్రం 7 వేల గీత దగ్గర ఆగిపోయింది.

సంగతేమిటంటే, ఇలాంటి గ్రాఫులు పేజీలో బొమ్మలుగా రావు. పేజీ వచ్చాక జావాస్క్రిప్టు అంకెలు తెచ్చుకుని అప్పటికప్పుడు గీస్తుంది. పైగా సొగసు కోసం స్తంభాలు నేలమీంచి మెల్లగా లేస్తాయి. ఛార్ట్.జెఎస్‌లో అందుకు మామూలుగా పట్టేది 1000 మిల్లీసెకండ్లు. నేను వాడిన డబ్ల్యు.కె.హెచ్.టి.ఎం.ఎల్. టు పి.డి.ఎఫ్. (పేరు పలకడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది) పేజీ వచ్చాక ఆగేది మామూలుగా 200 మిల్లీసెకండ్లే. సగంలో లేస్తున్న స్తంభాన్ని అది ఫొటో తీసింది. తప్పు నాదే. గ్రాఫు అసలే రాకపోతే ఏదో పొరపాటని అందరికీ తెలుస్తుంది. సగం వచ్చిన గ్రాఫు అబద్ధం చెబుతుంది.

ముందు నేను చేసింది అందరూ చేసేదే: ఆగే సమయం 5 సెకండ్లకు పెంచాను. సర్వరు మీద పని పెరిగిన రోజున అదీ చాలలేదు. మన పెళ్ళిళ్ళలో ఫొటోగ్రాఫరు గడియారం చూసి తాళికట్టే ఫొటో తీస్తాడా? పంతులుగారు గట్టిమేళం అనగానే తీస్తాడు. పేజీ చేత కూడా ఆ కేక వేయించాలి. కదలికలు ఆపేసి, ఆఖరి గ్రాఫు గీశాక "అయింది" అని ఒక గుర్తు పెట్టించాలి. ఆ గుర్తు కనపడితేనే పి.డి.ఎఫ్. తీయాలి. 2017లో క్రోమ్ తెర లేకుండా నడవడం, అదే ఏడాది పప్పెటీర్ రావడం వల్ల ఈ పని సులువైంది. పాత పనిముట్లలో ఫాంటమ్ జెఎస్ 2018లో ఆగింది, నేను వాడినదాన్ని 2023లో అటకెక్కించారు. పప్పెటీర్ మామూలుగా 30 సెకండ్లు చూసి తప్పుకుంటుంది. అప్పుడు దాతకు ఉత్తరం వెళ్ళదు, నాకు వస్తుంది.

ఇక మన తెలుగు సంగతి. అద్దె సర్వరులో తెలుగు ఫాంటు లేకపోతే పేర్లన్నీ డబ్బాలే. పోతన గానీ నోటో సాన్స్ తెలుగు గానీ ముందే ఎక్కించాలి. ఒకసారి సరిగా వస్తే ఫాంటు పి.డి.ఎఫ్.లోనే ఇమిడిపోతుంది, అందుకున్నవారికి ఏ ఇబ్బందీ ఉండదు. ఎక్కడ తెరిచినా ఒకేలా కనపడాలన్నదే గదా 1991లో జాన్ వార్నాక్ మొదలుపెట్టిన ఆలోచన. 1993లో అడోబీ దాన్ని బయటకు తెచ్చింది. ఆ అడోబీకి 2007లో సి.ఈ.ఓ. అయిన శంతను నారాయణ్ మన హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదివినవారే, గుర్తుచేసుకోవడంలో తప్పులేదు!

కాగితం కొలత కూడా చూసుకోండి. ఇక్కడ లెటర్, అక్కడ ఏ4. మా బడి హెడ్మాస్టరుగారికి పంపిన నివేదికలో కుడివైపు డిసెంబరు నెల ఎగిరిపోయింది.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖు తెల్లవారుజామున అన్నీ వాటంతటవే వెళుతున్నాయి. ఆ పెద్దాయనది మాత్రం నేను తెరిచి, స్తంభం వేలితో కొలిచి పంపుతున్నాను.