పగిలిన పిల్లనగ్రోవి



వికారాబాదునకు సమీపమున అనంతగిరి కొండలు కలవు. మూసీనది పుట్టుక అచ్చటనే. 2016వ సంవత్సరమున వికారాబాదు ప్రత్యేక జిల్లా అయినది, తాండూరును అందులోనిదే. ఈ సీమయందు గొల్లలకు పిల్లనగ్రోవియు, మేదరులకు వెదురును చిరకాలపు చెలిమి. నేడు నేను ముచ్చటింపబోవునది ఆ పిల్లనగ్రోవిని గూర్చియే.

మా గ్రామపు గొల్లబాలు డొకడు పగిలిన గ్రోవి నొకదానిని నాకడకు దెచ్చి, "తాతా, ఇది మా తాతది. రేకులమీద ఎండకు పగిలినది. ఇట్టిది ఇంకొకటి చేసి యిత్తువా?" అని యడిగెను. ఆ వృద్ధుడు గతించి యుండెను. దానిని చేయ నెఱిగినవా రా యింట లేరు. పగులులోనుండి గాలి పోవుటచే గ్రోవి పలుకదు. కాని దాని కొలతలు చెడలేదు. అదియే మాకు గురువైనది.

ఇద్దఱమును మేదరి పెద్ద యొకని కడకు పోతిమి. మన యడవులలో విరివిగా పెరుగు వెదురు దళసరిది. లోపలి బోలు సన్నము. బుట్టలకు మంచిదే కాని గ్రోవికి తగదు. పలుచని గోడయు, పొడవైన కణుపునడుమయు గల బొంగు కావలెను. మూడేండ్లు ముదిరినదానిని వానలు వెడలినపిమ్మట కోయవలెను. వానకాలమున కోసినది పురుగు పట్టును. నీడలో ఆరబెట్టవలెను; ఎండ తగిలిన పగులును.

ఒక కొనను కణుపు మూతగా నుంచి, రెండవ కొనను కోసి, తాండూరు నాపరాతిపై నీళ్లు చల్లి నునుపుగా అరగదీసితిమి. కణుపునకు బొంగు లోపలి వెడల్పంత దూరమున నోటిరంధ్రమును, పాతదాని కొలత దారముతో దీసి ఆఱు వ్రేళ్లరంధ్రములును గుర్తించితిమి. ఎఱ్ఱగా కాల్చిన యినుపచువ్వతో వానిని తొలిచితిమి.

ఇచ్చట నేను తొందరపడితిని. రంధ్రము నోటికి దగ్గఱైన కొలదియు, పెద్దదైన కొలదియు స్వరము హెచ్చును. నేను కాల్చిన యొక రంధ్రము మితిమీరి పెద్దదయ్యెను, స్వరము తప్పెను. మేదరి పెద్ద నవ్వి, "చిన్నదానిని పెద్దచేయవచ్చును, పెద్దదానిని చిన్నచేయలేము" అనెను. ఆ గ్రోవి వ్యర్థమయ్యెను. రెండవదానికి రంధ్రములు చిన్నవిగా తొలిచి, ఊది వినుచు, కొంచెము కొంచెముగా పెంచితిమి. పగులకుండ కొనలకు దారము బిగించి, లోపల నూనె పూసితిమి.

పశులకాపరుల చేతి యీ వెదురే కుంభకోణము శరభశాస్త్రిగారి (1872-1904) వలన కచేరీసభలలో గౌరవస్థానము పొందినది. సభలోని వేణువునకు వ్రేళ్లరంధ్రము లెనిమిది. మా గ్రోవి కాఱే.

బాలుడు క్రొత్త గ్రోవి నూదినప్పుడు వాని నాయనమ్మ పని విడిచి గుమ్మమునకు వచ్చి నిలిచినది. ఏమియు పలుకలేదు.

పెద్దలారా, మీ గ్రామములందు అట్టి గ్రోవి మిగిలియున్నచో, చేసినవారు బ్రతికియుండగనే కొలతలు వ్రాసియుంచుడు. ఒక బాలునికైనను నేర్పింపుడు.