పక్షవాతము – విద్యుచ్ఛక్తి



పక్షవాతమును ఎరుగని గ్రామము లేదు. నిన్నటివరకు నాగలి పట్టిన చేయి నేడు కంచములోని మెతుకును ఎత్తలేకుండుట మీరెల్లరును చూచియే యుందురు. అట్టి చేతికి విద్యుచ్ఛక్తి వలన మరల చలనము కలుగునా యని నన్ను పలువురు అడిగిరి. నాకు తెలిసినంత సమాధానమును నేడు మనవి చేసెదను.

ముందు మా యింటి సంగతి యొకటి. నా చిన్నతనమున మా మేనమామగారికి కుడిప్రక్క పడిపోయినది. పావురపు నెత్తురు పూయించితిమి. దానివలన ఫలము లేకపోయెను. మూడు మాసములు గడచిన పిమ్మట వ్రేళ్ళలో దానంతట అదే కొంచెము కదలిక కనబడినది. కాని ఆయనకు శ్రమ కలుగునని మా అత్తయ్యగారు ముద్దలు కలిపి నోటికందించెడివారు. చొక్కా గుండీలు నేను పెట్టెడివాడను. ఆ చేతికి పని చెప్పినవారు మాలో నొక్కరును లేరు. ఆయన మరి పదునొకండు సంవత్సరములు బ్రదికిరి. ఆ చేయి మాత్రము ఒడిలోనే పడియుండెను. మా ప్రేమయే ఆయనకు అపకారమైనదని నాకు చాల కాలమునకు గాని తెలియలేదు.

ఇక శాస్త్రవిషయము. వ్యాధి చేతిలో లేదు, మెదడులో నున్నది. మెదడులోని రక్తనాళము మూసుకొనిపోయినను, చిట్లినను, అచ్చటి కణములు నశించును. మెదడు ఎడమభాగము కుడిచేతిని, కుడిభాగము ఎడమచేతిని నడపును. 1870లో బెర్లిన్ నగరమున ఫ్రిట్ష్, హిట్జిగ్ అను ఇద్దరు వైద్యులు కుక్క మెదడుపై నొకచోట స్వల్పమైన విద్యుత్తును తాకించగా, రెండవప్రక్క కాలు కదలెను. మెదడు విద్యుత్తునకు పలుకునని అప్పుడు ఋజువైనది.

నశించిన కణములు మరల మొలవవు. కాని మిగిలిన కణములు కొంతవరకు ఆ పనిని నేర్చుకొనగలవు. బండిబాట వరదకు కొట్టుకొనిపోయినపుడు మనము చేలగట్లపై నడచి నడచి క్రొత్త కాలిబాట వేసికొనుచున్నాము గదా! ఎవరును నడువనిచో బాట పడదు. అభ్యాసమే ఆ నడక. విద్యుత్తు ఆ కణములను మేలుకొల్పి, నేర్చుటకు అనువుగా చేయునేమో యని వైద్యులు తలచిరి.

తొలి ప్రయత్నములన్నియు ఫలింపలేదు. అమెరికాలో మెదడు పైభాగమునకు విద్యుత్తునిచ్చి చేసిన పెద్ద పరీక్ష 2008లో ఆశించిన ఫలితము నీయలేదు. పిమ్మట ఆ దేశముననే, ఒహాయో రాష్ట్రములోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో, ఆండ్రే మచాడోగారును ఆయన సహచరులును వేరొక మార్గము త్రొక్కిరి. దెబ్బతిన్న చోటును విడిచి, తల వెనుకనున్న చిన్నమెదడులోనికి సన్నని తీగను పంపిరి. విద్యుత్తునిచ్చు చిన్న యంత్రమును రొమ్ము చర్మము క్రింద అమర్చిరి. పన్నిద్దరు రోగులపై చేసిన ఈ పరీక్ష ఫలితములను 2023లో ప్రకటించిరి. వారందరును జబ్బుపడి సంవత్సరము దాటినవారే. వారిలో తొమ్మండుగురికి చేతి చలనము మెరుగుపడినది.

అయితే ఒక మాట గమనింపుడు. ఆ రోగులు తీగ పెట్టించుకొని ఊరక పండుకొనలేదు. నెలల తరబడి శిక్షకుల యెదుట ఆ చేతితోనే అభ్యాసము చేసిరి. విద్యుత్తు తోడు మాత్రమే. పని చేయవలసినది చేయియే. మరియు పన్నిద్దరనగా స్వల్ప సంఖ్య. ఈ చికిత్స ఇంకను పరీక్షాదశలోనిదే. కావున మెదడునకు కరెంటు పెట్టి తప్పక నయము చేసెదమని ఎవరైన వచ్చి సొమ్మడిగినచో, పొలము తాకట్టు పెట్టకుడు.

మన చేతిలోనున్నవి రెండు. మూతి వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను, రోగిని తక్షణమే పెద్దాసుపత్రికి చేర్పుడు. నాళములోని గడ్డను కరగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపలనే ఈయవలెను. ప్రాణాపాయము తప్పిన పిమ్మట, వైద్యులు చెప్పిన వ్యాయామమును విసుగు లేక చేయింపుడు. ముద్ద ఆలస్యమైనను, గ్లాసు ఒలికినను, ఆ చేతినే ఎత్తనిండు. మీరు ప్రక్కన కూర్చుండి ధైర్యము చెప్పుడు.

మా మామయ్యగారికి మేము చేయలేకపోయిన ఉపకారమును మీ యింటివారికి మీరు చేయుదురని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.