రికార్డర్‌లో లో కట్, లిమిటర్, ఆటో లెవెల్: ఏది ఆన్ చేయాలి, ఏది ఆఫ్ చేయాలి?

షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్ళు, ఊళ్ళో పెద్దవాళ్ళ మాటలు రికార్డ్ చేసి దాచుకోవాలనుకునేవాళ్ళు నన్ను అడిగేది ఎక్కువగా ఒకటే ప్రశ్న: "అన్నా, చిన్న రికార్డర్ కొన్నాను. మెనూ ఓపెన్ చేస్తే లో కట్, లిమిటర్, ఆటో లెవెల్ అని ఏవేవో ఉన్నాయి. ఏది ఆన్ చేయాలి?" ఈరోజు ఎపిసోడ్ మొత్తం దాని గురించే.

ముందు ఒక చిన్న లైన్ గీసుకుందాం. సౌండ్ మైక్‌లోకి వెళ్తుంది. అక్కడి నుంచి ప్రీయాంప్, అంటే సిగ్నల్‌ని పెంచే భాగం. తర్వాత ఏడీ కన్వర్టర్, అది కరెంట్‌ని నంబర్లుగా మారుస్తుంది. చివర్లో కార్డ్ మీద ఫైల్. ఏ సెట్టింగ్ చూసినా మిమ్మల్ని మీరు ఒకటే అడగండి: "ఈ పని తర్వాత ఎడిటింగ్‌లో చేసుకోవచ్చా?" చేసుకోగలిగితే ఇప్పుడు తొందర లేదు. చేసుకోలేకపోతే జాగ్రత్త ఇక్కడే పడాలి. కోడ్‌లో తప్పు జరిగితే పాత వెర్షన్‌కి వెళ్ళిపోతాం. ఎనభై ఏళ్ళ తాతయ్య చెప్పిన మాటకి పాత వెర్షన్ ఉండదు కదా.

ఫస్ట్, లో కట్. ఇది కింది ఫ్రీక్వెన్సీలని, అంటే బాగా బరువైన 'గుమ్' లాంటి సౌండ్‌ని తగ్గిస్తుంది. దూరంగా పోయే లారీ, టేబుల్‌కి తగిలిన చెయ్యి, ఏసీ మోత, ఇవన్నీ అక్కడే ఉంటాయి. జూమ్ హెచ్1ఎన్‌లో 80, 120, 160 హెర్ట్జ్ అని మూడు ఉంటాయి. టాస్కామ్ డీఆర్-05లో 40, 80, 120. మరి ఏది పెట్టాలి?

మామూలుగా మాట్లాడే మగవాళ్ళ గొంతు సుమారు 85 హెర్ట్జ్ నుంచి, ఆడవాళ్ళ గొంతు సుమారు 165 నుంచి మొదలవుతుంది. కాబట్టి మాటలకి 80 సేఫ్. 160 పెడితే మగ గొంతులో ఉన్న బరువు సన్నబడుతుంది, ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. ఇంకోటి గుర్తుపెట్టుకోండి, ఫిల్టర్ అంటే గోడలా అడ్డంగా కోసేయదు, వాలుగా తగ్గిస్తుంది. ఆక్టేవ్‌కి 12 డీబీ ఫిల్టర్‌ని 80 దగ్గర పెడితే, 40 హెర్ట్జ్ సౌండ్ సుమారు నాలుగో వంతు అవుతుంది. పూర్తిగా పోదు.

ఇప్పుడు అదే రికార్డర్ పట్టుకుని ఒగ్గుకథ రికార్డ్ చేయడానికి వెళ్ళారనుకోండి. డోలు దెబ్బలో ఉన్న ఆ లోతంతా కిందే ఉంటుంది. అక్కడ లో కట్ ఆన్‌లో ఉంటే డోలు కాస్తా అట్టపెట్టె మీద కొట్టినట్టు అయిపోతుంది. ఎడిటింగ్‌లో బేస్ ఎంత పెంచినా, తగ్గిపోయిన సౌండ్‌తో పాటు అడుగున ఉన్న నాయిస్ కూడా పైకొస్తుంది. లో కట్‌ని తర్వాత ఏ యాప్‌లోనైనా వేసుకోవచ్చు, తీసేసింది మాత్రం మళ్ళీ రాదు. సో, మ్యూజిక్ అయితే ఆఫ్. మాటలు మాత్రమే అయితే 80.

"మరి గాలి?" అంటారా. గాలి నేరుగా మైక్ మీదే కొడుతుంది. మైక్ దగ్గరే సౌండ్ పగిలిపోయాక, ఆ వెనక ఉన్న ఏ ఫిల్టరూ దాన్ని అతికించలేదు. బొచ్చు ఉన్న విండ్ కవర్ తొడగండి, లేదా గాలికి మీ వీపు అడ్డం పెట్టి నిలబడండి. మెనూలో ఉన్న ఫిల్టర్ కన్నా అది ఎక్కువ పని చేస్తుంది.

ఇంకో మన ఇంటి సమస్య, కరెంట్ హమ్. మన దగ్గర కరెంట్ 50 హెర్ట్జ్. కానీ హమ్ 50 దగ్గరే ఆగదు, 100, 150 దగ్గర కూడా వస్తుంది. 80 లో కట్ వేస్తే 50 తగ్గుతుంది, 100 అలాగే ఉంటుంది. అందుకే ఫ్యాన్ ఆపండి, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోతారని భయమా? మీ బండి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టండి. తాళాలు లేకుండా ఇంటికి వెళ్ళలేరు, గుర్తొచ్చి తీరుతుంది. సౌండ్ వాళ్ళు ఎప్పటి నుంచో వాడే ట్రిక్ ఇది.

సెకండ్, ఆటో లెవెల్. దీన్ని ఆఫ్ చేసేయండి. మాట్లాడే మనిషి ఒక క్షణం ఆగితే, ఇది "సౌండ్ తగ్గింది" అనుకుని లెవెల్ పెంచేస్తుంది. వెంటనే వెనక ఉన్న కుక్కలు, ఆటోలు అన్నీ ముందుకొస్తాయి. మళ్ళీ మాట మొదలవగానే తగ్గిస్తుంది. ఆ పైకీ కిందకీ ఊగడం ఫైల్‌లో కలిసిపోయాక విడదీయడం చాలా కష్టం.

థర్డ్, లిమిటర్. డిజిటల్‌లో పైకప్పు 0 డీబీ. అది దాటితే సౌండ్ పగులుతుంది. ఎవరైనా ఒక్కసారి గట్టిగా నవ్వితే లిమిటర్ దాన్ని నొక్కి పడుతుంది. హెల్మెట్ లాంటిది అన్నమాట. పెట్టుకోండి, కానీ దాన్ని నమ్మి స్పీడ్‌గా వెళ్ళొద్దు. గట్టిగా మాట్లాడించి చూసి, పీక్స్ మైనస్ 12 డీబీ చుట్టూ ఉండేలా గెయిన్ పెట్టండి. 24 బిట్‌లో రికార్డ్ చేస్తే, కొంచెం తక్కువ లెవెల్‌లో ఉన్నా తర్వాత పెంచుకోవచ్చు. టాస్కామ్ డీఆర్-40 లాంటి వాటిలో తక్కువ లెవెల్‌తో ఇంకో కాపీ కూడా ఒకేసారి రాసుకునే డ్యూయల్ మోడ్ ఉంటుంది. మళ్ళీ చేయలేని ప్రోగ్రామ్ అయితే దాన్ని తప్పకుండా వాడండి.

ఫార్మాట్ సంగతి. వీడియోకి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైల్. స్టీరియోలో గంటకి సుమారు 1 జీబీ అవుతుంది. 32 జీబీ కార్డ్‌లో దాదాపు 30 గంటలు. స్పేస్ కోసం ఎంపీ3కి వెళ్ళాల్సిన అవసరమే లేదు.

"32 బిట్ ఫ్లోట్ ఉంటే ఇదంతా అక్కర్లేదు కదా?" అని కామెంట్ పెడతారని నాకు తెలుసు. జూమ్ ఎఫ్3 లాంటి వాటిలో రెండు కన్వర్టర్లు కలిసి పని చేస్తాయి, గెయిన్ పెట్టే పనే ఉండదు. లెవెల్ టెన్షన్ నిజంగానే పోతుంది. కానీ మైక్ మీద కొట్టే గాలి, మైకే తట్టుకోలేని సౌండ్, పక్కింటి కుక్కర్ విజిల్, ఇవి అలాగే ఉంటాయి.

రికార్డర్ లేదు, ఫోనే ఉంది అంటారా? చాలా ఫోన్లు మనల్ని అడగకుండానే లెవెల్ మార్చేస్తాయి, నాయిస్ తగ్గిస్తాయి. ఆండ్రాయిడ్ 7 నుంచి 'అన్‌ప్రాసెస్డ్' అనే ఆడియో సోర్స్ ఉంది. మీ ఫోన్ సపోర్ట్ చేస్తే, ఆ ఆప్షన్ ఇచ్చే రికార్డింగ్ యాప్ వాడండి. ఫోన్‌ని మనిషికి దగ్గరగా పెట్టండి, ఫ్లైట్ మోడ్ మర్చిపోకండి.

చివరిగా, రికార్డ్ నొక్కే ముందు ఇది చేయండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ముప్పై సెకండ్లు టెస్ట్ తీసి, వెనక్కి వేసి వినండి. మీటర్ లెవెల్ మాత్రమే చూపిస్తుంది, హమ్ ఉందో గాలి ఉందో చెప్పేది మీ చెవే. అన్నీ అయ్యాక, ఎవరూ మాట్లాడకుండా ఇంకో ముప్పై సెకండ్లు ఆ గది సౌండ్ తీసుకోండి. ఎడిటింగ్‌లో అతుకులు కనిపించకుండా ఉండటానికి అది పనికొస్తుంది.

ఈ ఆదివారం ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టి, లో కట్ 80, ఆటో ఆఫ్, పీక్స్ మైనస్ 12 పెట్టి ఒక పది నిమిషాలు మాట్లాడించండి. ఎలా వచ్చిందో కామెంట్స్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కాలర్ మైకుల గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ, బై.