జనసంఖ్యయు, సంపదయు
(చక్రాయపేటలో పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగము)



శ్రావణ శనివారములలో గండి క్షేత్రమునకు వచ్చు జనమును చూచిన వారికి, మన దేశములో మనుష్యులకు కొదువ లేదని తోచుట సహజము. 2023 లో భారతదేశము జనాభాలో చైనాను మించినదని ఐక్యరాజ్య సమితి అంచనా వేసినది. అయితే ఎందరమున్నామన్నది మాత్రమే కాక, ఏ వయస్సువారము ఎందరమున్నామన్నది కూడ మనము విచారింపవలయును.

ఆఫ్రికాలోని నైజరు మిక్కిలి బీద దేశము. అచట ఒక్కొక్క తల్లికి సగటున ఆరుగురు బిడ్డలు. జనములో ఇంచుమించు సగము మంది 15 ఏండ్ల లోపువారు. ధనిక దేశమైన జపానులో ఆ సగటు 1.2 మాత్రమే. అచట పదిమందిలో దాదాపు ముగ్గురు 65 ఏండ్లు దాటినవారు. పిల్లలు లేక బడులు మూతపడుచున్నవి. బిడ్డ బ్రదుకునను నమ్మకము లేనిచోట, ముసలితనమున బిడ్డలే దిక్కైనచోట కాన్పులు హెచ్చు. స్త్రీలు చదివి, వైద్యము అందినచోట అవి తగ్గును.

మరి మన సంగతి యేమి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 1992-93 లో ఉమ్మడి రాష్ట్రమున ఈ సగటు 2.6. 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1.7. జనసంఖ్య తరగక నిలుచుటకు 2.1 ఉండవలయును. కాన్పులలో ధనిక దేశముల సరసన చేరితిమి గాని, సంపదలో చేరలేదు. జపాను కూడబెట్టుకొని ముసలిదైనది. మనము కూడబెట్టక మునుపే ఆ దారి పట్టితిమి.

ఇద్దరికంటె ఎక్కువ బిడ్డలున్నవారు పంచాయతీ ఎన్నికలలో నిలువరాదని 1994 నాటి చట్టములో ఉండెను. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను తొలగించినది. దీనిని ఎక్కువమందిని కనుడను ఆజ్ఞగా తలంపరాదు. ఆ నిర్ణయము ఆలుమగలది. అందును ముఖ్యముగా తల్లిది.

పంచాయతీ చేయదగినది వేరే కలదు. బిడ్డలు తక్కువైనపుడు ప్రతి బిడ్డయు చదువరి కావలయును. అదే సర్వేలో, మన రాష్ట్రమున 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 ఏండ్లు నిండకమునుపే పెండ్లి అయినట్లు తేలినది. మన ఊళ్ళలో అట్టి పెండ్లి జరుగనీయరాదు. కొడుకులు బెంగుళూరికో, కువైటుకో పోగా ఒంటరిగా మిగిలిన వృద్ధుల పేర్లు వార్డువారీగా వ్రాసికొందము. వారికి పింఛను, మందులు అందుచున్నవో లేవో నెలకొకమారు విచారింతము. నేడు వారికి చేయు ఏర్పాటే రేపు మనకును ఆధారము కాగలదు.